మీ ఉత్తరాలు, నా జవాబులు: హోమ్‌లో ఒకరికి హెపటైటిస్ బి అని తేలితే

పోయిన నెల లివర్ గురించి రాస్తూ స్పెషల్ పిల్లలుండే హోముల్లో హెపటైటిస్ బి (లివర్‌కి పట్టే వైరస్ జబ్బు) సంగతి మాటల్లో మాటగా రెండు లైన్లు రాశాను, అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాపులూ సగం దాని మీదే. అందుకే షుగర్, మోకాళ్ళ నొప్పుల వాళ్ళు ఈసారికి నన్ను క్షమించాలి, వచ్చే నెల మీ వంతు. పేర్లు ఎవరివీ వెయ్యట్లేదు, ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న: డాక్టరమ్మా నమస్తే. మా బాబుకి 19 ఏండ్లు. పుట్టినప్పటి సంది మాట లేదు, బుద్ధి ఎదగలే అన్నరు. ఆరేండ్ల నుంచి ఒక హోమ్‌ల ఉంటున్నడు. పన్ను తీయాలంటే రక్తం టెస్టు చేసిన్రు, హెపటైటిస్ బి పాజిటివ్ అని వచ్చింది. ఇగ అప్పటి సంది వేరే రూంల పెట్టిన్రు, ప్లేటు గ్లాసు వేరే, ఇప్పుడు తీస్కపొమ్మంటున్నరు. పోయిన ఆదివారం నేను పోతే నన్ను చూసి ఉరికొస్తుంటే ఆయమ్మ అంగీ పట్టి గుంజి ఆపింది. మావోడు ఏం తప్పు చేసిండమ్మా? ఇంట్ల చిన్న బిడ్డ ఉన్నది, ఆమెకు గూడ అంటుతదా? (ఒక తల్లి, నిజామాబాద్)

జవాబు: అమ్మా, చివరి ప్రశ్నకి ముందు చెప్తాను, మీకు నిద్ర పట్టనిది దానివల్లే అనిపించింది. పక్కన కూర్చుంటే అంటదు, ముద్దు పెట్టుకుంటే, ఎత్తుకుంటే అంటదు, ఒకే కంచంలో తిన్నా, ఒకే బాత్రూం వాడినా, దగ్గినా తుమ్మినా అంటదు. ఇది రక్తం నుంచి వచ్చే జబ్బు, సెక్స్ వల్ల వస్తుంది, కాన్పప్పుడు తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. కాబట్టి మీ బాబు మీ దగ్గరికి పరిగెత్తుకొస్తే ఆపాల్సిన పనే లేదు. ప్లేటు వేరు చెయ్యక్కర్లేదు కానీ బ్లేడు వేరు చెయ్యాలి, టూత్‌బ్రష్ వేరు చెయ్యాలి, నెయిల్ కట్టర్ వేరు చెయ్యాలి. మన హోముల్లో నేను చూసినంతవరకు దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తారు, ప్లేటు మీద పేరు రాస్తారు, బ్లేడు మాత్రం అందరికీ ఒకటే.

కొన్నేళ్ళ కింద హెల్త్ క్యాంప్‌కని ఒక హోమ్‌కి వెళ్ళాను, ఎక్కడో చెప్పను, మంచివాళ్ళే నడుపుతున్నారు, ఫ్లోర్ మీద అన్నం పెట్టుకుని తినొచ్చు అంత శుభ్రంగా ఉంది. నలభై మంది అబ్బాయిలు. హాల్లో కిటికీ చువ్వకి తెల్ల దారంతో ఒక నెయిల్ కట్టర్ కట్టి వేలాడుతోంది. అదేంటని అడిగితే ఆయమ్మ నవ్వి "ఎక్కడ పెట్టినా పోతాందండీ, అందుకని కట్టేశాం" అంది. ప్రతి శనివారం అందరినీ వరసలో నిలబెట్టి గోళ్ళు తీస్తారట. చేతిలోకి తీసుకుని చూస్తే లోపలి అంచున ఎండిపోయిన గోధుమరంగు మరక. గోరు తీసేటప్పుడు కాస్త లోతుగా పడి రక్తం వస్తుంది కదా, అది. ఈ వైరస్ ఒంటి బయట, ఎండిన రక్తంలో కనీసం ఏడు రోజులు బతుకుతుంది. అంటే ఈ శనివారం నుంచి వచ్చే శనివారం దాకా. కంటికి కనిపించేంత రక్తం కూడా అక్కర్లేదు. అక్కడ పాజిటివ్ ఉన్న పిల్లలు ఎంతమందో అప్పటికి వాళ్ళకీ తెలీదు, ఎందుకంటే ఎవరూ టెస్టే చేయించలేదు.

మీ బాబుకి హోమ్‌లోనే వచ్చిందని నేను అనట్లేదు, ఎక్కడొచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. 19 ఏళ్ళంటే ఈ టీకా సర్కారు లిస్టులోకి దేశమంతటా రాకముందు పుట్టినట్టు. 2002-03లో కొన్ని నగరాల్లో, కొన్ని జిల్లాల్లో మొదలుపెట్టి, 2007-08లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి పది రాష్ట్రాలకి, 2011కి దేశమంతా ఇచ్చారు. దానికి ముందు పుట్టినవాళ్ళలో డబ్బులు పెట్టి వేయించుకున్నవాళ్ళు తప్ప మిగతావాళ్ళలో చాలామందికి లేదు. అందుకని మీరు, మీ ఇంటాయన, చిన్నమ్మాయి ముగ్గురూ హెచ్‌బీఎస్‌ఏజీ అనే టెస్టు చేయించుకోండి, గవర్నమెంట్ హాస్పిటల్లో ఫ్రీ. తల్లికి ఉండి కాన్పప్పుడు బిడ్డకి వచ్చి ఉండొచ్చు కూడా, తప్పు పట్టడానికి కాదు, మీకు ఉంటే మీకూ చూసుకోవాలి కదా, అందుకు. చిన్నమ్మాయి నెగెటివ్ అయి టీకా పడి ఉంటే ఇంక ఆమె గురించి మర్చిపోండి.

బాబుకి ఇప్పుడు కావాల్సింది వేరే రూం కాదు, ఇంకో మూడు టెస్టులు. లివర్ ఫంక్షన్, వైరస్ ఎంత చురుగ్గా ఉందో చెప్పే ఈ-యాంటిజెన్, వైరస్ రక్తంలో ఎంత ఉందో చెప్పే డీఎన్ఏ టెస్టు. ఆరు నెలల తర్వాత మళ్ళీ హెచ్‌బీఎస్‌ఏజీ చేయాలి, అప్పటికీ ఉంటే దీర్ఘకాలం ఉండేదని అర్థం. పాజిటివ్ వచ్చిన ప్రతివాళ్ళకీ మందులు అవసరం ఉండదు, చాలామందికి ఆరు నెలలకోసారి చూసుకుంటూ ఉంటే సరిపోతుంది, అవసరమైతే రోజుకో టాబ్లెట్. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద టెస్టులూ టాబ్లెట్లూ ఉచితం, జిల్లా హాస్పిటల్లో అడగండి. ఒకటే జాగ్రత్త, టాబ్లెట్ మొదలుపెడితే డాక్టర్ చెప్పకుండా మధ్యలో ఆపకూడదు, ఆపితే లివర్ ఒక్కసారిగా దెబ్బతినొచ్చు.

ఇంక తీసుకుపొమ్మనడం సంగతి. ఇది కొత్త గొడవ కాదమ్మా. అమెరికాలో న్యూయార్క్ సిటీ స్కూళ్ళవాళ్ళు 1970ల చివర్లో అచ్చం ఇదే పని చేశారు, ఒక పెద్ద సంస్థ నుంచి బయటికొచ్చి మామూలు స్కూళ్ళలో చేరిన సుమారు 50 మంది స్పెషల్ పిల్లలకి హెపటైటిస్ బి ఉందని వాళ్ళని విడిగా కూర్చోబెడతామన్నారు. తల్లిదండ్రుల సంఘం కోర్టుకెక్కింది. 1979లో అప్పీల్ కోర్టు కుదరదని చెప్పింది, క్లాసులో వేరేవాళ్ళకి అంటుకునే ప్రమాదం ఉందని మీరు చూపించలేకపోయారు, ఊహించుకున్న భయంతో పిల్లల్ని విడదీయకూడదు అని దాని సారాంశం. మన దగ్గర 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది, వివక్ష కుదరదని అందులో రాసుంది, రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి కాగితం పెట్టొచ్చు. కానీ నన్నడిగితే ముందు కాగితం వద్దు, ముందు ఈ పేజీ చింపి హోమ్ వాళ్ళకివ్వండి. చాలామంది చెడ్డవాళ్ళు కాదు, భయపడ్డవాళ్ళు. వినకపోతే అప్పుడు కమిషనర్.

ప్రశ్న: మేడం గారూ, నేను స్పెషల్ పిల్లల హోమ్‌లో ఆయాగా చేత్తన్నానండి, ఎనిమిదేళ్ళయ్యింది. మొన్న స్నానం చేయిత్తంటే ఒక బాబు చెయ్యి కొరికేశాడండి, గాట్లు పడి రక్తమొచ్చింది. పసుపు రాశాను. వాడికి జబ్బుందో లేదో మాకెవరూ చెప్పరండి. నాకేమన్నా అవుద్దా? టీకా నేనెప్పుడూ వేయించుకోలేదు. (పేరు వద్దు, గుంటూరు జిల్లా)

జవాబు: చెల్లెమ్మా, ఉత్తరం మీద తేదీ చూస్తే కొరికి పదకొండు రోజులు. అందుకే మీకు ఫోన్ చేయించాను, మాట్లాడుకున్నాం, ఇది మిగతా ఆయమ్మల కోసం రాస్తున్నా.

కొరికితే ముందు ధారగా పడే నీళ్ళ కింద పెట్టి సబ్బుతో బాగా కడగాలి, పిండకూడదు, పసుపు వద్దు, కాఫీ పొడి అసలే వద్దు. చర్మం తెగిందా లేదా చూసుకోవాలి. తెగకపోతే భయం లేదు. తెగితే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, రేపు ఎల్లుండి కాదు. ఆ పిల్లాడికి పాజిటివ్ అని తెలిస్తే, మీకు టీకా పడి లేకపోతే, రెండు ఇంజెక్షన్లు వేస్తారు, ఒకటి మామూలు టీకా మొదటి డోసు, రెండోది ఇమ్యునోగ్లోబులిన్ అని తయారుగా ఉన్న యాంటీబాడీలు. 24 గంటల్లోపు పడితే మంచిది, ఏడు రోజులు దాటితే రెండోదాని వల్ల లాభం ఉంటుందని చెప్పలేం. అది ఖరీదైన ఇంజెక్షన్, ఆయా జీతంలో కుదరదు, డ్యూటీలో జరిగింది కాబట్టి హోమే పెట్టుకోవాలి, నేను వాళ్ళకీ అదే చెప్పాను. మీ విషయంలో ఏడు రోజులు దాటింది కాబట్టి ఇప్పుడు టీకా మొదలుపెట్టి, ఇవాళ ఒకసారి, ఆరు నెలలకి ఒకసారి టెస్టు. ఉమ్ములో వైరస్ రక్తంలోకన్నా చాలా తక్కువ ఉంటుంది, కాబట్టి కొరికిన ప్రతిసారీ వస్తుందని కాదు, కానీ కొరకడం వల్ల వచ్చిన కేసులున్నాయి.

ఇంకో సంగతి ఎవరూ ఆలోచించరు, కొరికినవాడి నోట్లోకి మీ రక్తం వెళ్ళింది. మీకు ఉంటే వాడికి రావచ్చు. అందుకే టెస్టు ఇద్దరికీ.

"మాకెవరూ చెప్పరు" అన్నారు చూడండి, నాకు అసలు కోపం అక్కడొచ్చింది. స్నానం చేయించేది మీరు, పళ్ళు తోమేది మీరు, నెలసరి వచ్చిన ఆడపిల్లలకి మార్చేది మీరు, ఫైలు మాత్రం ఆఫీసు రూంలో బీరువాలో. అలాగని పిల్లాడి రిపోర్టు గోడకి అంటించమని కాదు. ఎవరికుందో తెలిసినా తెలియకపోయినా స్టాఫ్ అందరికీ టీకా వేస్తే ఈ ప్రశ్నే రాదు, మూడు డోసులు, ఇవాళ, నెలకి, ఆరు నెలలకి. రక్తం ముట్టుకోవాల్సి వస్తే ఎవరిదైనా సరే గ్లవ్స్. నేల మీద పడితే బ్లీచింగ్ నీళ్ళు పోసి పది నిమిషాలు ఉంచి తుడవాలి, ఊరికే గుడ్డ తడిపి తుడిస్తే ఆ గుడ్డతో ఇంకో రూంకి మోసుకెళ్ళినట్టే.

ప్రశ్న: గారూ, న్యూజెర్సీ నుంచి రాస్తున్నా. మా పక్కింటి పెద్దావిడ వాళ్ళ అన్నయ్య చిన్నప్పుడు స్టాటెన్ ఐలండ్‌లో ఏదో ఇన్‌స్టిట్యూషన్‌లో ఉండేవాడట, అక్కడ డాక్టర్లే పిల్లలకి కావాలని హెపటైటిస్ ఎక్కించారు అని చెప్తే నాకు నమ్మబుద్ధి కాలేదు. నిజమేనా? మీ కాలమ్ చదివాక అడగాలనిపించింది. (ఎడిసన్)

జవాబు: నిజమేనండి. ఆవిడ చెప్పిందాంట్లో అతిశయోక్తి లేదు. ఆ చోటు పేరు విల్లోబ్రూక్ స్టేట్ స్కూల్. మీరు ఎప్పుడైనా స్టాటెన్ ఐలండ్ కాలేజ్ క్యాంపస్‌కి వెళ్ళుంటే ఆ నేల మీద నడిచినట్టే, 1987లో విల్లోబ్రూక్ మూసేశాక ఆ స్థలంలో కొంత కాలేజీకి ఇచ్చారు.

1947లో మొదలైంది, 4,000 మందికని కట్టారు, 1965కల్లా 6,000 పైన ఉన్నారు. ఆ ఏడాదే సెనేటర్ రాబర్ట్ కెనెడీ చూసొచ్చి అది పాముల పుట్ట అన్నాడు. ఒక్కో వార్డులో పదుల మందికి ఒక్క ఆయా, బట్టల్లేకుండా నేల మీద కూర్చునే పిల్లలు, చాలామందికి టాయిలెట్‌కి వెళ్ళడం రాదు, వాళ్ళని శుభ్రం చేసేవాళ్ళు లేరు. ఇలాంటి చోట కామెర్లు రాకుండా ఎలా ఉంటాయి, కొత్తగా చేరిన పిల్లల్లో ఎక్కువమందికి ఏడాదిలోపు పట్టుకునేవి.

1950ల మధ్యలో న్యూయార్క్ యూనివర్సిటీ నుంచి సాల్ క్రుగ్‌మన్ అనే పిల్లల డాక్టర్ వచ్చాడు. ఆయన లెక్క ఇది: ఎలాగూ వీళ్ళందరికీ వస్తుంది కదా, అదేదో మన చేతుల్లో, విడి వార్డులో, శుభ్రంగా చూసుకుంటూ తెప్పిస్తే జబ్బు గురించి తెలుసుకోవచ్చు. జబ్బు ఉన్న పిల్లల మలం నుంచి తీసింది పాలల్లో కలిపి కొత్తగా చేరిన పిల్లలకి తాగించారు, తర్వాత్తర్వాత రోగుల సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు, ఇంజెక్షన్‌గా ఇచ్చారు. తల్లిదండ్రుల సంతకం తీసుకున్నారు, అది నిజం. కానీ ఆ సంతకం ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 1964 చివర్లో జనం ఎక్కువైపోయి విల్లోబ్రూక్‌లో కొత్త అడ్మిషన్లు ఆపేశారు, క్రుగ్‌మన్ వార్డులో మాత్రం ఖాళీలు ఉండేవి. ఇంట్లో బిడ్డని మోయలేక, ఏ హోమూ తీసుకోక తిరుగుతున్న అమ్మకి "ఈ రీసెర్చ్ వార్డులో అయితే చోటుంది" అంటే ఆవిడ ఏం చేస్తుంది? నిజామాబాద్ అమ్మకి రేపు ఎవరైనా అలా అంటే సంతకం పెట్టదా? నేనైతే పెట్టేదాన్నేమో, చెప్పలేను.

మరి తెలిసింది ఏంటంటే చాలా తెలిసింది, అదే ఇందులో గొంతులో అడ్డుపడేది. 1967లో ఆయన హెపటైటిస్‌లో రెండు వేర్వేరు జబ్బులున్నాయని అక్కణ్ణుంచే చూపించాడు, ఎంఎస్-1, ఎంఎస్-2 అని పేర్లు, మొదటిది నెల రోజుల్లో బయటపడేది, ఇవాళ మనం హెపటైటిస్ ఏ అంటున్నాం, రెండోది ఇంకా ఆలస్యంగా వచ్చేది, అది బి. ఆ రెండోది రక్తం ఎక్కిస్తేనే కాదు, కొరుకుళ్ళూ గాట్లూ ఒకే బ్రష్షులూ ఉన్నచోట దగ్గరగా కలిసి బతికితే కూడా పాకుతుందని అక్కడే తెలిసింది. 1971లో ఆ సీరాన్ని నీళ్ళు కలిపి ఒక నిమిషం మరగబెట్టి ఇస్తే జబ్బు రాదు, పైగా కొంత రక్షణ వస్తుంది అని రాశాడు, టీకా వీలవుతుందని అదొక మొదటి సూచన. 1983లో ఆయనకి వైద్యరంగంలో పెద్ద బహుమతైన లాస్కర్ అవార్డు కూడా ఇచ్చారు.

ఇంకోపక్క 1966లోనే హెన్రీ బీచర్ అనే హార్వర్డ్ డాక్టర్ నీతి తప్పిన ప్రయోగాల జాబితా ఒకటి మెడికల్ జర్నల్‌లో వేశాడు, అందులో ఇదీ ఉంది. 1971లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో గోల్డ్‌బీ అనే ఆయన ఉత్తరం రాసి, పిల్లలకి ఏ లాభం లేకుండా జబ్బు ఎక్కించడం ఏ లెక్కన ఒప్పు అని అడిగాడు. క్రుగ్‌మన్ మాత్రం చివరిదాకా తను తప్పు చేశాననుకోలేదు. నా మాట చెప్పమంటే, ఎలాగూ వస్తుంది అన్నాడు చూడండి, ఆ "ఎలాగూ" అన్న మాట దగ్గరే తప్పంతా ఉంది. ఎలాగూ ఎందుకు వస్తోంది? నలుగురు ఆయాల్ని ఎక్కువ పెడితే, వార్డుకి పదిమందిని తగ్గిస్తే రాదుగా. ఆ పని గవర్నమెంట్‌ది, నాది కాదు అనుకున్నాడు ఆయన.

1972 జనవరిలో అక్కడ ఉద్యోగం పోయిన ఒక డాక్టర్ తాళంచెవి ఇస్తే హెరాల్డో రివేరా అనే టీవీ రిపోర్టర్ కెమెరాతో లోపలికి వెళ్ళి చూపించాడు, అమెరికా అంతా చూసింది. ఆ ఏడాదే తల్లిదండ్రులు కేసు వేశారు, 1975లో రాజీ తీర్పు, పిల్లల్ని చిన్న చిన్న ఇళ్ళకి మార్చాలని. ఇందాక చెప్పిన న్యూయార్క్ స్కూళ్ళ గొడవ ఆ పిల్లల గురించే, విల్లోబ్రూక్‌లో అంటించుకున్న జబ్బుకి బయట కూడా వాళ్ళనే శిక్షించబోయారు. మీ పక్కింటి పెద్దావిడ అన్నయ్య ఇంకా ఉంటే, కుదిరితే ఒకసారి వెళ్ళి పలకరించండి.

ప్రశ్న: అమ్మా, మా మనవడు కూడా అలాంటి హాస్టల్లోనే ఉంటాడు. కామెర్లకి మా ఊళ్ళో పసరు పోస్తారు, మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ఇంగ్లీషు మందులకన్నా అదే నయం కదా? (ఒక తాతగారు, ప్రకాశం జిల్లా)

జవాబు: తాతగారూ, పసరు పోసినవాళ్ళలో చాలామందికి తగ్గేది నిజమే, పోయకపోయినా తగ్గేవాళ్ళే వాళ్ళంతా. హెపటైటిస్ ఏ, ఈ దానంతటదే పోతాయి. బి పెద్దవాళ్ళకొస్తే నూటికి 95 మందికి పోతుంది, ఆ పేరు పసరుకొచ్చింది. మీ మనవడికి పసరు వద్దు, ఉప్పులేని పత్యం కూడా వద్దు, టెస్టు చేయించండి. కళ్ళు పచ్చబడకుండానే ఏళ్ళ తరబడి లోపల ఉండే రకం ఇది, పచ్చబడితేనే జబ్బు అనుకోకండి.

ప్రశ్న: మా పాపకి డౌన్ సిండ్రోమ్, 7 ఏళ్ళు, మా దగ్గరే ఉంటుంది. డౌన్ పిల్లలకి హెపటైటిస్ బి ఎక్కువ వస్తుందని ఎక్కడో చదివాను, వాళ్ళ ఒంట్లోనే ఏదో లోపం అట. టీకాలన్నీ వేయించాం. ఇంకేం చేయాలి? (విశాఖపట్నం)

జవాబు: మీరు చదివింది సగం నిజం, ఆ సగం వెనక మంచి కథ ఉంది, చెప్పకుండా ఉండలేను.

ఫిలడెల్ఫియాలో బరూచ్ బ్లంబర్గ్ అని ఒక డాక్టర్, జబ్బుల కోసం కాదు, మనుషుల రక్తంలో తేడాల కోసం లోకమంతా తిరిగి శాంపిళ్ళు పోగేసేవాడు. ఆస్ట్రేలియా ఆదివాసీ ఒకరి రక్తంలో కొత్త ప్రొటీన్ ఒకటి దొరికింది, ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టాడు, 1965లో అచ్చయింది. అదేంటో ఆయనకీ తెలీదు. బ్లడ్ క్యాన్సర్ రోగుల్లో ఎక్కువ కనిపిస్తోంది, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకి బ్లడ్ క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువ, కాబట్టి వాళ్ళలో వెతికాడు. పెద్ద సంస్థల్లో ఉన్న డౌన్ పిల్లల్లో పదిలో ముగ్గురికి దగ్గర దగ్గర ఉంది! ఓహో ఇది పుట్టుకతో వచ్చేదే అనుకున్నాడు, మీరు చదివింది కూడా అదే. తర్వాత అప్పుడే పుట్టిన డౌన్ పిల్లల్లో వెతికితే ఒక్కరికీ లేదు, ఇళ్ళల్లో పెరిగేవాళ్ళలో బాగా తక్కువ, సంస్థ ఎంత పెద్దదైతే అంత ఎక్కువ. అంటే పిల్లల్లో కాదు, బిల్డింగులో ఉంది. ఈలోగా 1966లో మొదట నెగెటివ్ వచ్చిన ఒక డౌన్ అబ్బాయికి మళ్ళీ చేస్తే పాజిటివ్ వచ్చింది, పుట్టుకతో వచ్చేదైతే మధ్యలో ఎలా వస్తుంది అని లివర్ చూస్తే హెపటైటిస్. అలా దొరికింది ఈ వైరస్. ఇవాళ మనం చేయించుకునే హెచ్‌బీఎస్‌ఏజీ అంటే ఆ ఆస్ట్రేలియా యాంటిజెనే. 1976లో ఆయనకి నోబెల్ వచ్చింది, జూలై 28న ప్రపంచ హెపటైటిస్ దినం జరిపేది ఆయన పుట్టినరోజు కాబట్టే.

మిగతా సగం నిజం ఏంటంటే, డౌన్ పిల్లలకి ఒకసారి అంటితే ఒంట్లోంచి పోకుండా ఉండిపోయే అవకాశం మిగతావాళ్ళకన్నా ఎక్కువ. చిన్న వయసు కూడా అంతే, పురిట్లో అంటితే నూటికి 90 మందికి ఉండిపోతుంది, పెద్దయ్యాక అయితే ఐదుగురికి లోపే.

మీ పాపకి పుట్టగానే ఒక డోసు, ఆరు, పది, పద్నాలుగు వారాలకి పెంటావాలెంట్ (అందులో ఈ టీకా కూడా కలిసి ఉంటుంది) పడి ఉంటే చాలు. రేపు ఎప్పుడైనా హాస్టల్లోనో డే కేర్‌లోనో చేర్చాలనుకుంటే దానికి ముందు టీకా రక్షణ ఎంత ఉందో చెప్పే యాంటీ-హెచ్‌బీఎస్ అనే టెస్టు చేయించి చూసుకోండి, 10 లేదా పైన వస్తే బాగున్నట్టు, తక్కువుంటే ఒక డోసు ఇచ్చి మళ్ళీ చూస్తారు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దీని గురించి అంత ఆలోచించక్కర్లేదు, ఆ వయసులో చెవి, థైరాయిడ్ టెస్టులు ఏటా చేయిస్తున్నారో లేదో అది చూసుకోండి ముందు.

ప్రశ్న: మేడం, మేం 60 మందితో హోమ్ నడుపుతున్నాం. దాతల మీదే నడుస్తుంది. మీరు రాసింది చదివి అందరికీ టెస్ట్ చేయించాలంటే భయంగా ఉంది, పది మంది పాజిటివ్ వస్తే మిగతా తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుపోతారు. ఏం చేయమంటారు? (కరీంనగర్)

జవాబు: నిజం చెప్పినందుకు థాంక్స్, చాలామంది ఈ మాట నాతో చెవిలో అంటారు, కాగితం మీద రాసింది మీరొక్కరే. పది మంది ఉంటే టెస్ట్ చేసినా ఉంటారు, చేయకపోయినా ఉంటారు, చేయకపోతే వచ్చే ఏడు పన్నెండు మంది ఉంటారు.

ఒకే రోజు చేయండి, పిల్లలకీ స్టాఫ్‌కీ మీకూ, వంటమనిషి, డ్రైవర్ కూడా. జిల్లా హాస్పిటల్‌తో మాట్లాడితే క్యాంప్‌కి వస్తారు. టెస్ట్ రిజల్ట్ వచ్చాక తల్లిదండ్రుల మీటింగ్ పెడితే గొడవే, కాబట్టి మీటింగ్ ముందు పెట్టండి, ఎవరికి వచ్చినా ఎవరినీ పంపించం, నెగెటివ్ వచ్చిన అందరికీ టీకా వేయిస్తాం, పేర్లు ఎవరికీ చెప్పం అని మూడు ముక్కలు చెప్పి సంతకాలు తీసుకోండి, అప్పుడు రక్తం తీయండి. ఎవరి పిల్లాడో తెలియకుండానే అందరూ ఒప్పుకున్నట్టు అవుతుంది. అమెరికాలో కూడా టీకా 1981లో వచ్చిన కొద్దికాలానికే, 1982లో, ముందు ఎవరికివ్వాలి అని రాసిన జాబితాలో ఇలాంటి హోముల్లో ఉండేవాళ్ళనీ అక్కడ పనిచేసే స్టాఫ్‌నీ పెట్టారు, అంటే మీరేదో కొత్తగా చేయట్లేదు.

డబ్బుల గురించి అంత బెంగ వద్దు. ఒకప్పుడు ఈ టీకా విదేశాల నుంచి వచ్చేది, డోసు వందల్లో ఉండేది, మూడు డోసులంటే మామూలు ఇంట్లో ఎవరూ వేయించుకునేవాళ్ళు కాదు. నెల్లూరు జిల్లాలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి గారు వాళ్ళమ్మ పేరు మీద హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి 1997లో షాన్‌వాక్-బి అని ఈ టీకాని ఇక్కడే తయారుచేసి తెచ్చాక ధర కిందకి దిగింది. ఇప్పుడు చాలా చవక. బర్త్‌డేకి అన్నదానం చేస్తామని వచ్చే దాతలుంటారు కదా, ఈ ఏడు బిర్యానీ బదులు ఒక రౌండ్ టీకా అడగండి, నాకు తెలిసి ఎవరూ కాదనరు, పిల్లలు బిర్యానీ అడిగితే మాత్రం నా పేరు చెప్పకండి. అలాగే బుద్ధిమాంద్యం లాంటి వైకల్యాలున్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఇన్సూరెన్స్ మీ పిల్లలకి ఎంతమందికి ఉందో చూడండి, ఏడాదికి లక్ష దాకా కవర్ అవుతుంది, కార్డులు ఉండి కూడా వాడనివాళ్ళే ఎక్కువ.

టీకాకి ఆరు నెలలు పడుతుంది, ఈలోపు చేయాల్సింది ఈ వారమే చేయొచ్చు. పెద్దబ్బాయిల షేవింగ్‌కి ఒక్కొక్కరికి ఒక్కో రేజర్, లేదంటే ట్రిమ్మర్ వాడి హెడ్ ప్రతిసారీ బ్లీచింగ్ నీళ్ళలో పెట్టండి. బ్రష్‌లు అన్నీ ఒకే గ్లాసులో గుచ్చకుండా విడివిడిగా, చదవడం రాని పిల్లలకి పేరు రాస్తే లాభం లేదు, రంగు దారమో బొమ్మ స్టిక్కరో కట్టండి, వాళ్ళు గుర్తుపడతారు, మనకన్నా బాగా గుర్తుపడతారు. కొరికే పిల్లలు ఎవరో మీకు తెలుసు, వాళ్ళని కట్టేయొద్దు, ఎప్పుడు కొరుకుతున్నారో ఒక నెల రాసి చూడండి, స్నానం అప్పుడా, ఆకలప్పుడా, గోల ఎక్కువైనప్పుడా, సగం కారణం అందులోనే దొరుకుతుంది. అరవై నెయిల్ కట్టర్లు హోల్‌సేల్‌లో కొంటే రెండు మూడు వేలు కూడా అవ్వదు.

నిజామాబాద్ అమ్మా, చివర్లో మీకు మళ్ళీ ఒక మాట. మీరు పంపిన ఫొటోలో రిపోర్టు మొదటి పేజీ మాత్రమే ఉంది, రెండో పేజీలో లివర్ టెస్టుల లైన్లు ఉంటాయి, అది పగటి వెలుతురులో, మడత లేకుండా పరిచి తీసి పంపండి. పన్ను సంగతి కూడా వాయిదా వేయొద్దు, పాజిటివ్ అని పన్ను తీయనన్న డెంటిస్ట్ ఎవరైనా ఉంటే ఇంకో డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళండి, బాబుకి నొప్పి ఉంది కదా, చెప్పుకోలేడు.